కొయ్యలగూడెంలో మామ్మ చుట్ట వాసన

జంగారెడ్డిగూడెం దగ్గరి మద్ది ఆంజనేయస్వామికి మొక్కు ఉండిపోయింది. మా అబ్బాయికి ఉద్యోగం వస్తే మంగళవారం నాడు వచ్చి నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తానని అనుకున్నాను. ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలైనా కదలడం కుదరలేదు. చివరికి 2025 మార్చి ఆఖరులో ఒక సోమవారం పొద్దున్నే విశాఖలో రైలెక్కి రాజమండ్రిలో దిగాను. స్టేషన్ నుంచి బస్ కాంప్లెక్స్‌కి ఆటో నూట యాభై అన్నాడు. షేర్ ఆటోలో ఇరవై రూపాయలకి పోయే దూరం. ఎండ చూసి ఇచ్చేశాను కానీ ఆ డబ్బు బస్సెక్కేదాకా మనసులో గుచ్చుతూనే ఉంది.

జంగారెడ్డిగూడెం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కాసేపటికి ఒక పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నారు. అరవై దాటి ఉంటాయి. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో కంటి ఆసుపత్రి మందుల సంచి. ఆయన కూర్చోగానే ఒక వాసన వచ్చింది. ఎండుగడ్డిలా తియ్యగా ఉంది, వెనకాల కొంచెం ఘాటు. ఎక్కడో బాగా తెలిసిన వాసన, కానీ ఎక్కడిదో వెంటనే అందలేదు. ఆయన చేతులు చూశాను. వేళ్ల కణుపుల మీద, గోళ్ల చుట్టూ తారు పూసినట్టు నల్లగా పట్టేసి ఉంది.

నేను చూడటం ఆయన చూశారు.

"పొగాకు జిగురండి. సబ్బుకి పోదు. పచ్చాకు ముట్టుకున్నప్పుడు ఏమీ కనపడదండి, గాలి తగిలాక ఇలా నల్లబడిపోద్ది. ఆకు అయిపోయిన నెల్రోజులకి గానీ చేతులు మళ్లీ మామూలుగా అవ్వవు."

అప్పుడు అందింది ఆ వాసన ఎక్కడిదో. మా మామ్మ చీర కొంగుది.

బస్సు గామన్ బ్రిడ్జి ఎక్కింది. గోదావరిలో నీళ్లు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడ్డాయి. దూరంగా లంకలు పచ్చగా కనిపిస్తున్నాయి. పెద్దాయన అటు చెయ్యి చూపించి, "అదండి అసలు పొగాకంటే. లంకాకు" అన్నారు. వరద వచ్చి ఒండ్రు వేసి వెళ్లాక ఆ మట్టిలో నాటేవారట. ఎరువు లేదు, పెద్దగా తడి లేదు, వరద తెచ్చిన బలమే. కోసిన ఆకు ఎండలో, గాలిలో ఆరబెట్టి చుట్టలకి అమ్మేవారు. వాళ్ల నాన్నగారు లంకాకు తప్ప ఇంకొకటి నోట పెట్టేవారు కాదట. ఇప్పుడు లంకల్లో చాలావరకు అరటి, కూరగాయలు వేస్తున్నారని, చుట్ట తాగేవాళ్లు పోయాక ఆకు ఎవరికి అమ్ముతారని అన్నారు.

"మీది లంకాకు కాదా బాబాయిగారూ?"

"కాదండి మాస్టారూ. మాది మెట్ట. కొయ్యలగూడెం దగ్గర. వర్జీనియా వేస్తాం. సిగరెట్లకి."

అక్కడి నుంచి దేవరపల్లి, గోపాలపురం దాటేదాకా ఆయన చెబుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. ఎండ ముఖాన కొడుతున్నా పట్టించుకోలేదు. రోడ్డుకి రెండువైపులా పామాయిల్ తోటలు, జీడిమామిడి, మధ్యలో పొడుగ్గా చిమ్నీలతో ఇటుక గదులు. అవే బ్యారన్లు. కొన్నింట్లోంచి ఇంకా పొగ వస్తోంది. ఆఖరి రెలుపు, అంటే ఆఖరి కోత, ఆకు ఆరుతోందని చెప్పారు. పొగాకు మొక్కని ఒకేసారి కోయరు. కింది ఆకులు ముందు పండుతాయి. వారానికోసారి రెండు మూడు ఆకుల చొప్పున రెలుస్తూ పైకి వెళతారు. ఆ ఆకు కర్రలకి అల్లి బ్యారన్‌లో వరసలుగా వేలాడదీస్తారు. కింద పొయ్యిలో కట్టెలు మండితే ఆ వేడి గొట్టాల్లోంచి లోపల తిరిగి పొగ చిమ్నీలోంచి బయటికి పోతుంది. ఆకుకి వేడి తగలాలి, పొగ తగలకూడదు. తగిలితే వాసన పట్టేసి రేటు పడిపోతుంది. ముందు చిన్న వేడిలో పసుపు రంగు తేవాలి, తర్వాత ఆ రంగు నిలబెట్టాలి, ఆఖరున ఈనె విరిగేలా ఆరాలి. ఐదారు రోజులు రాత్రీ పగలూ ఎవరో ఒకరు పొయ్యి దగ్గరే ఉండాలి.

"కిలో ఆకు ఆరాలంటే నాలుగైదు కిలోల కట్టె మండాలండి. ఇదివరకు అడవి కట్టె. ఇప్పుడు సరుగుడు, సుబాబుల్ కొంటన్నాం. కట్టె రేటు, కూలి రేటు, బ్యారన్ కౌలు... మీరే చూసుకోండి."

బ్యారన్ కౌలు అంటే ఏమిటో తెలియలేదు. ఆయనే విడమరిచి చెప్పారు. గుంటూరులో ఉన్న పొగాకు బోర్డు దగ్గర నమోదైన బ్యారన్‌కే కోటా ఉంటుంది. ఆ కోటాకి లోబడి పండించాలి, బోర్డు వేలం కేంద్రంలోనే అమ్మాలి. కొత్త బ్యారన్లకి అనుమతి లేదు కాబట్టి లైసెన్సు ఉన్నవాళ్లు దాన్ని కౌలుకి ఇస్తారు. ఆయనకి ఒకటి సొంతం, ఇంకొకటి కౌలు. ముందు ఏడాది, అంటే 2024లో, కిలో నాలుగు వందలు దాటిందని, ఆ రేటు చూసి అందరూ ఎక్కువ వేశారని, కౌలు కూడా దానికి తగ్గట్టే పెరిగిపోయిందని చెప్పారు. 2025లో వేలం మొదలైంది కానీ అప్పటికి మూడు వందలు కూడా పడటం లేదన్నారు.

టికెట్టు వెనకాల నా పెన్నుతో ఆయన ఒక లెక్క వేసి చూపించారు. సిగరెట్టులో ఉండే పొగాకు ముప్పావు గ్రాము. ఈనె, తరుగు పోగా కిలోకి వెయ్యి సిగరెట్లు వస్తాయనుకున్నా, కొట్లో ఒక్కోటి ఇరవై రూపాయలు.

"ఇరవై వేలండి. అందులో సగం దాకా సర్కారు పన్ను, అది అలా ఉంచండి. మా చేతికి రెండొందల ఎనభై."

ఆ లెక్క వేసిన టికెట్టు ఇప్పటికీ నా పర్సులో ఉంది.

అప్పుడు అడిగాను, మీరు ఏం కాలుస్తారని. ఆయన తల అడ్డంగా ఊపారు. "నేను ఏదీ ముట్టనండి. మా ఊళ్లో వర్జీనియా వేసేవాళ్లలో సిగరెట్ కాల్చేవాళ్లు తక్కువే. ఇరవై పెట్టి ఎవడు కాలుస్తాడు? కూలీలు బీడీ, ముసలోళ్లు చుట్ట. మా ఆకు సగానికి పైగా ఓడెక్కి పోద్ది. బెల్జియం, ఈజిప్టు, రష్యా..." బెల్జియం అనే మాట ఆయన పక్క ఊరి పేరు చెప్పినట్టు చెప్పారు.

కొయ్యలగూడెంలో దిగేటప్పుడు, బుధవారం తన బేళ్లు వేలానికి ఉన్నాయి, చూడాలనుంటే రమ్మని ఫోన్ నంబరు ఇచ్చారు.

గుడి గురించి ఇక్కడ పెద్దగా రాయను. గురవాయిగూడెంలో మంగళవారం జనం ఎలా ఉంటారో వెళ్లినవాళ్లకి తెలుసు. మొక్కు తీరింది, మనసు నెమ్మదించింది. జంగారెడ్డిగూడెంలో లాడ్జి గది మాత్రం పధ్నాలుగు వందలు తీసుకుని రాత్రి పదకొండుకి నీళ్లు ఆపేశారు. హోటల్లో భోజనం నూట యాభై, పెరుగు వేరే. రాజమండ్రిలో ఆ డబ్బుకి కడుపు నిండా పెడతారు.

మంగళవారం రాత్రి నిద్ర పట్టలేదు. మామ్మే గుర్తొస్తూ ఉంది.

మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం ఒడ్డు ఊరు. మామ్మ చుట్ట కాల్చేది, అదీ అందరిలా కాదు. అంటించిన కొసని నోట్లోకి పెట్టి పెదాలు మూసేది. మా ప్రాంతంలో దాన్ని అడ్డపొగ అంటారు. నిప్పు లోపల, చల్లని కొస బయట. చీకట్లో ఆమె ముఖం మీద నిప్పు కనపడేది కాదు, బుగ్గ మాత్రం లోపలి నుంచి లేత ఎరుపుగా వెలిగినట్టు అనిపించేది. చిన్నప్పుడు నేను ఆ బుగ్గ మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. వెచ్చగా ఉండేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని సంతలో కొన్న లంకాకు కట్ట విప్పి, నీళ్లు చిలకరించి, ఈనె తీసి, తొడ మీద చుట్ట చుట్టుకునేది. రోజుకి నాలుగు. ఎందుకలా కాలుస్తావని అడిగితే రోజుకో జవాబు. ఒడ్డున గాలికి నిప్పు ఆరిపోతుందట. చేప ఎండేసేటప్పుడు రెండు చేతులకీ పని ఉంటుంది, బూడిద చేప మీద పడకూడదట. చంటిపిల్లని ఎత్తుకుంటే నిప్పురవ్వ పడకూడదట. వాసన తెలియదట, ఆకలి వెయ్యదట. అన్నీ నిజమే అయి ఉంటాయి. మా వీధిలో ఆ వయసు ఆడవాళ్లు చాలామంది అలాగే కాల్చేవారు. మగవాళ్లు మామూలుగా, నిప్పు బయటికి పెట్టి కాల్చేవారు.

1994లో మామ్మ అంగిట్లో పుండు లేచింది. మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా. విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఆఖరి రెండు నెలలు తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది. అంగిలికి చిల్లు పడింది. నేను గ్లాసు పట్టుకుంటే ఆమె మొహం అటు తిప్పేసుకునేది, మనవడు చూడకూడదని. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి తెలిసింది, మా జిల్లా గురించి వైద్యులు ఎప్పుడో రాశారని. శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లోనే అచ్చు వేశారు. అందులో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ కాల్చేవారే, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, మచ్చలు అంగిట్లోనే ఎక్కువ. అప్పటికి మామ్మకి నలభై కూడా లేవు. ఆ మాట ఎవరైనా మా ఊరొచ్చి మా భాషలో చెప్పి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇన్నేళ్లుగా వదల్లేదు.

బుధవారం పొద్దున్నే వేలం కేంద్రానికి వెళ్లాను. పెద్ద రేకుల షెడ్డు, నేల మీద వరసలుగా గోనెపట్టా చుట్టిన బేళ్లు. ఒక్కో బేలు మీద చీటీ, పైన కొంచెం విప్పి బంగారు రంగు ఆకు కనపడేలా పెట్టారు. కొనేవాళ్లు వరసల మధ్య నడుస్తూ ఆకు తీసి వాసన చూస్తారు, చేతిలో ఉన్న చిన్న యంత్రంలో రేటు కొడతారు. ఒక బేలు దగ్గర నిమిషం కూడా నిలబడరు. రైతులు వెనకే నడుస్తారు, ఏమీ మాట్లాడరు. గోడల మీద పొగ తాగరాదని రాసి ఉంది. నేనున్న రెండు గంటల్లో అంత షెడ్డులో ఒక్కరూ బీడీ గానీ సిగరెట్ గానీ వెలిగించలేదు. అన్ని వేల కిలోల పొగాకు మధ్య ఒక్క పొగ కూడా లేదు. ఈ పద్ధతి ఆంధ్రలో 1985లో మొదలైందట. అంతకు ముందు వ్యాపారి ఇంటికొచ్చి చెప్పిందే రేటని, డబ్బు ఎప్పుడు ఇస్తే అప్పుడేనని పెద్దాయన చెప్పారు. ఆయన ఐదు బేళ్లలో మూడు పోయాయి. రెండింటికి నో బిడ్ పడింది, ఎవరూ అడగలేదు. వాటిని మళ్లీ ఇంటికి మోసుకెళ్లి, గ్రేడు సరిచేసి, మళ్లీ తేవాలి. ఆయన ముఖం చూసి నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు.

"రండి, టీ తాగుదాం" అని ఆయనే అన్నారు.

సాయంత్రం ఆయన బ్యారన్‌కి వెళ్లాం. ఆఖరి బ్యారన్ ఆకు అల్లుతున్నారు. చెట్టు నీడన పదిమంది ఆడవాళ్లు రెండు వరసలుగా కూర్చుని, కర్రకి అటూ ఇటూ ఆకులు మూడేసి చొప్పున దారంతో బిగిస్తున్నారు. చేతులు ఎంత వేగంగా కదులుతున్నాయంటే ముడి ఎక్కడ పడుతోందో నాకు కనపడలేదు. ఒక చిన్నమ్మాయి మాత్రం పక్కన గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. పొద్దున మంచులో తడిసిన ఆకు రెలిచింది, తల తిరిగి రెండుసార్లు వాంతి అయిందట. మజ్జిగ తాగించారు. పచ్చాకు తడిగా ఉంటే చర్మంలోంచే నికోటిన్ ఒంటికి ఎక్కుతుంది. కొత్తగా పనికొచ్చినవాళ్లకి అలాగే అవుతుందని, నాలుగు రోజులకి అలవాటు పడతారని మిగతావాళ్లు మామూలుగా చెప్పారు. ఆ పిల్ల జన్మలో ఎప్పుడూ పొగ తాగి ఉండదు.

పొయ్యి మండించే కుర్రాడు బీడీ కాలుస్తున్నాడు. ఆ కట్ట చూసి నాకు నిజామాబాద్ గుర్తొచ్చింది. ఉద్యోగం మొదట్లో మూడేళ్లు అక్కడున్నాను. ఏ వీధిలో చూసినా గడప మీద ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుడుతూ ఉండేవారు. వెయ్యి బీడీలకి ఇంతని కూలి. వెయ్యి పూర్తి కావాలంటే పొద్దుటి నుంచి రాత్రి దాకా పట్టేది. మా ఇంటావిడ రాత్రి దగ్గుతూనే చుట్టేది. ఆకు అడవుల నుంచి, పొగాకు గుజరాత్ నుంచో నిపాణి నుంచో వచ్చేది. ఆవిడ బీడీ నోట పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె చుట్టిన బీడీలు ఎక్కడెక్కడికో పోయి, ఇదిగో ఇలా పొగాకు బ్యారన్ పొయ్యి దగ్గర కాలుతుంటాయి. 2016-17 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో బీడీ కాల్చేవాళ్లు 7.7 శాతం, సిగరెట్ కాల్చేవాళ్లు 4 శాతమని తేలింది. కొయ్యలగూడెం పొలాల్లో నిలబడితే ఆ తేడా ఎందుకో అర్థమవుతుంది. చేతిలో ఎంత డబ్బు ఉంటే అంత పొగ.

చీకటి పడుతోంది. అల్లకం అయిపోయి ఆడవాళ్లు లేచి చేతులు కడుక్కుంటున్నారు. ఒకావిడ మాత్రం అందరికీ కొంచెం దూరంగా వెళ్లి, బ్యారన్ గోడకి వీపు ఆనించి కూర్చుంది. యాభై అయిదేళ్లుంటాయి. కొంగు ముడి విప్పి చుట్ట తీసింది. పొయ్యిలోంచి కట్టెపుల్ల తెచ్చి అంటించింది. రెండు మూడు దమ్ములు మామూలుగా లాగింది. తర్వాత చుట్టని తిప్పి నిప్పు కొసని నోట్లోకి పెట్టుకుని పెదాలు మూసింది.

నా కాళ్లు ఆగిపోయాయి. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ చూస్తున్నాను.

దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. "ఏ ఊరమ్మా మీది?" అంటే నోట్లో చుట్ట అలాగే ఉంచుకుని పెదాల కొస నుంచి జవాబు చెప్పింది. మామ్మ కూడా అలాగే మాట్లాడేది, నిప్పు నోట్లో ఉండగానే. మా ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒడ్డు ఊరే ఆవిడది. వలలో చేప తగ్గిపోయి భార్యాభర్తలిద్దరూ నాలుగేళ్లుగా పొగాకు పనికి వస్తున్నారు.

"నీ మాట బట్టి మనోడివనీసి అప్పుడే అనుకున్నాను బాబూ."

"సుట్ట ఎక్కడ కొంటావమ్మా?"

"ఇక్కడ సంతలో దొరుకుతాది. లంకాకుది. మనూరి సుట్ట కన్నా కొద్దిగ సప్పన."

పక్కనే ఇన్ని వేల రూపాయల ఆకు వేలాడుతోంది కదా, ఎప్పుడైనా ఇది చుట్టుకుని చూశావా అని అడిగాను. ఆవిడ నిప్పు నోట్లోంచి తీసి నవ్వింది.

"ఒకపాలి సుట్టాను. ఏటుంది దాన్లో? తియ్యగ ఉన్నాది, నోటికి ఎక్కనేదు. దాన్ని లోపలికి లాగాలంట, గుండెల్లోకి. మనకి అది రాదు."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఎండలో, గాలిలో మెల్లగా ఆరిన లంకాకు పొగకి క్షార గుణం ఉంటుంది. నోట్లో ఉంచుకుంటే చాలు, నోటి పొరల్లోంచే మత్తు ఒంటికి ఎక్కుతుంది. అందుకే చుట్ట కాల్చేవాళ్లు పొగ లోపలికి మింగరు. బ్యారన్‌లో ఆరిన ఆకులో చక్కెర మిగిలిపోతుంది. ఆ పొగకి ఆమ్ల గుణం, నోట్లో ఉంటే ఏమీ ఎక్కదు, ఊపిరితిత్తుల్లోకి లాగితేనే ఎక్కుతుంది. పొగ మెత్తగా ఉంటుంది కాబట్టి లాగగలరు, రోజుకి ఇరవై లాగినా గొంతు ఎదురు తిరగదు. ఆకు ఎలా ఆరబెట్టారో దాన్ని బట్టి మనిషి తాగే తీరు మారుతుంది, జబ్బు చేసే చోటూ మారుతుంది. గోదావరి ఒండ్రులో పండిన ఆకు మా మామ్మ అంగిలిని కాల్చింది. కొయ్యలగూడెం బ్యారన్లలో ఆరిన ఆకు ఓడెక్కి ఎవరి ఊపిరితిత్తుల దాకానో పోతోంది. పెద్దాయన పక్కనే నిలబడి ఇదంతా విన్నారు. ఆయన ఏమీ అనలేదు. నేను ఆయన్ని తప్పు పట్టడానికి చెప్పలేదు. రెండు బేళ్లు తిరిగొచ్చిన రోజు ఆ మనిషి ముఖం చూశాను. ఆ నేలలో ఇంకేం వేస్తే ఇంత డబ్బు చూపిస్తుందో నాకైతే తెలియదు, ఆయన మాత్రం మొక్కజొన్న వేసి రెండేళ్లు నష్టపోయి మళ్లీ పొగాకుకే వచ్చారు.

"అమ్మా, ఒకసారి నోరు తెరుస్తావా?" అని అడిగాను.

ఎందుకని అడగలేదు. మా ఊరి మనిషినని కాబోలు, పిల్లలా నోరు తెరిచింది. ఫోన్ టార్చి వేసి చూశాను. అంగిలి అంతా సున్నం పూసిన గోడలా తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద గుచ్చినట్టు చిన్న చిన్న ఎర్రటి చుక్కలు. ఎడమ వైపు ఒకచోట తెలుపు మందంగా, పెచ్చులా లేచి ఉంది. నేను డాక్టర్ని కాదు. కానీ ఆ తెలుపు నాకు తెలుసు. 1994 సంక్రాంతికి మామ్మ నోట్లో చూసింది అదే.

"నొప్పి ఉందా?"

"నొప్పేటి నేదు. కారం తింటే మండుతాది."

మామ్మ సంగతి మొత్తం చెప్పాను. గంజి ముక్కులోంచి రావడం కూడా చెప్పాను. ఇప్పుడే చూపించుకుంటే, చుట్ట మానేస్తే, అది అక్కడితో ఆగే అవకాశం ఉందని, జంగారెడ్డిగూడెంలో ఏరియా ఆసుపత్రి ఉందని, రేపు నేనే దగ్గరుండి తీసుకెళతానని అన్నాను. ఆవిడ చుట్ట ఆర్పి, మిగిలిన ముక్క మళ్లీ కొంగున కట్టుకుంది.

"రేపు ఎలగెల్తాను బాబూ, ఆకు బేరన్లో ఉన్నాది. ఆరు రోజులు. ఇది దింపీసి, కూలి తీసుకుని, అప్పుడు ఎల్తాను. నీ మామ్మ ఎన్నాళ్లు బతికినాది?"

"అరవై రెండు" అన్నాను.

"నాకు ఇంకా టైం ఉన్నాది" అంది. తేలిగ్గా తీసిపారేసినట్టు కాదు, నన్ను ఓదార్చినట్టు.

పెద్దాయన మాట ఇచ్చారు, ఆకు దింపగానే తన బండి మీద తానే ఆసుపత్రికి తీసుకెళతానని. రాత్రి బ్యారన్ దగ్గర నులక మంచం వేసి నన్ను ఉండమన్నారు. ఉన్నాను. అర్ధరాత్రి దాటాక లేచి చూస్తే కుర్రాడు కిటికీ అద్దంలోంచి థర్మామీటరు చూసి పొయ్యిలోకి ఇంకో మొద్దు తోస్తున్నాడు. లోపలి నుంచి ఆకు పండుతున్న వాసన, అదే తియ్యటి వాసన, గాలిలో నిండిపోయి ఉంది. ఎదురుగా పాకలో ఆవిడ పడుకుంది.

గురువారం రాజమండ్రి వచ్చి మధ్యాహ్నం రైలు పట్టుకున్నాను. ఇంటికొచ్చాక నా వేళ్లు చూసి మా ఆవిడ ఏమిటా నలుపు అంది. నేను పచ్చాకు ఎప్పుడు ముట్టుకున్నానో గుర్తు లేదు. రెండు వారాలు పోలేదు అది.

ఏప్రిల్ రెండో వారంలో పెద్దాయనకి ఫోన్ చేశాను. నో బిడ్ పడిన రెండు బేళ్లు కూడా అమ్ముడుపోయాయట, రేటు తక్కువైనా. ఆవిడ సంగతి అడిగాను. ఆయన కాసేపు ఆగారు.

"ఆసుపత్రికి రమ్మని రెండు రోజులు బతిమాలానండి మాస్టారూ. ఊరెళ్లి చూపించుకుంటానంది. ఆకు దింపిన మర్నాడే బస్సెక్కేశారు మొగుడూ పెళ్లాం. కూలి లెక్క చూసి ఇచ్చేటప్పుడు, దారికి ఒక చుట్టల కట్ట కొనిపెట్టమని అడిగిందండి. నేను ఏనాడూ ఎవరికీ కొనిపెట్టలేదు. ఆవిడ అడిగేసరికి..."

కొనిపెట్టారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది.

ఆవిడ ఊరి పేరు నా దగ్గర రాసి ఉంది. మే మొదట్లో మా ఊరి జాతరకి వెళుతున్నాను. శ్రీకాకుళంలో నోటి పరీక్ష చేసే డాక్టరుతో మాట్లాడి పెట్టుకున్నాను. ఒడ్డు దారిన ఇరవై కిలోమీటర్లు, ఆటో ఎంత అడిగినా ఇస్తాను.